అమెరికాలో పబ్లిక్ హైస్కూలా, ప్రైవేటు హైస్కూలా? పేరున్న కాలేజీల ప్రవేశాల కోణం నుంచి ఒక పోలిక

అమెరికాలో స్థిరపడిన తెలుగు ఇళ్లలో పిల్లలు ఏడో తరగతి దాటుతున్నారంటే ఒక చర్చ మొదలవుతుంది, అది ఏడాది పాటు తెగదు. ఇంటి చిరునామాను బట్టి ఫీజు లేకుండా దొరికే పబ్లిక్ హైస్కూలులో వేయాలా, ఏటా నలభై, యాభై వేల డాలర్లు కట్టి ప్రైవేటు హైస్కూలులో చేర్చాలా అన్నదే ఆ చర్చ. మన ఊళ్లలో బోర్డు మీద ‘పబ్లిక్ స్కూలు’ అని రాసి ఉన్నది చాలావరకు ప్రైవేటు బడే కనుక, కొత్తగా వచ్చినవారి కోసం ఒక మాట: ఇక్కడ పబ్లిక్ అంటే పన్నుల డబ్బుతో నడిచే సర్కారు బడి. చర్చ ఎక్కడ మొదలైనా చివరికి హార్వర్డ్, ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్ పేర్ల దగ్గరికే వచ్చి ఆగుతుంది కాబట్టి, ఆ ఒక్క కోణం నుంచే రెండింటినీ ఇక్కడ పోలుస్తున్నాను. మతబోధ కోసమో, భద్రత కోసమో, చిన్న తరగతుల కోసమో ప్రైవేటు బడిని ఎంచుకునేవారి లెక్క వేరు. వారికి ఈ పోలిక అంతగా పనికిరాదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మంచి పబ్లిక్ స్కూలుకూ మంచి ప్రైవేటు స్కూలుకూ ఉన్న తేడా పాఠాలలో కొంతే ఉంది. పిల్లల గురించి కాలేజీకి ఎవరు రాస్తారు, ఆ రాసే మనిషికి ఆ పిల్లలు ఎంతవరకు తెలుసు అన్న చోట ఎక్కువగా ఉంది. ప్రైవేటు స్కూలు ప్రధానంగా అమ్మేది దాన్నే. అది మీ బిడ్డకు అవసరమా, మీరు కోరుకునే కాలేజీ దానికి విలువ ఇస్తుందా అన్న రెండు ప్రశ్నలు తేలితే, మిగిలేది డబ్బు లెక్క.

ప్రవేశాల జాబితాను ఎలా చదవాలి

ప్రైవేటు స్కూళ్లు అక్టోబరు, నవంబరు నెలల్లో తల్లిదండ్రుల కోసం ఓపెన్ హౌస్ పెడతాయి. నేను వెళ్లిన ఒకదానిలో గుమ్మం దగ్గరే దళసరిగా నిగనిగలాడే కాగితం ఒకటి చేతికిచ్చారు. ఒక వైపు కొత్త సైన్స్ భవనం ఫొటో, రెండో వైపు గత నాలుగేళ్లలో తమ విద్యార్థులు చేరిన కాలేజీల పేర్లు, పక్కన అంకెలు. నా ముందు వరుసలో కూర్చున్న ఒకాయన ఐవీ లీగ్ (హార్వర్డ్, యేల్ వంటి ఎనిమిది పేరున్న ప్రైవేటు కాలేజీల సమూహం) అంకెలన్నిటినీ పెన్నుతో చుట్టి, కూడి, నాలుగేళ్ల విద్యార్థుల సంఖ్యతో భాగించి, ‘పద్దెనిమిది శాతం’ అని భార్య చెవిలో చెప్పారు. ఎంసెట్ ఫలితాల మర్నాడు పేజీ నిండా ర్యాంకుల ఫొటోలతో వచ్చే ప్రకటనలు చూస్తూ పెరిగినవాళ్లం కదా, ఆ భాగహారం మనకు చేతికి అలవాటైపోయింది. అయితే ఆ ప్రకటనలను ఎంత అనుమానంతో చదివేవాళ్లమో ఈ కాగితాన్నీ అంత అనుమానంతోనే చదవాలి.

ఎందుకంటే ఆ పద్దెనిమిది శాతంలో ఎవరెవరున్నారో కాగితం చెప్పదు. ఇక్కడి పేరున్న ప్రైవేటు కాలేజీలలో చాలావాటిలో పూర్వ విద్యార్థుల పిల్లలకు, కోచ్‌లు ముందే ఎంచుకున్న ఆటగాళ్లకు, అధ్యాపకుల పిల్లలకు, భారీ విరాళాలిచ్చే కుటుంబాల పిల్లలకు ప్రవేశంలో మొగ్గు ఉంటుంది. వాడుకలో దీన్ని ‘హుక్’ అంటారు. ప్రవేశాలలో వివక్ష చూపుతోందంటూ హార్వర్డ్ మీద నడిచిన దావాలో బయటికొచ్చిన వివరాలను ఆర్థికవేత్తలు విశ్లేషించినప్పుడు, ప్రవేశం పొందిన తెల్లజాతి విద్యార్థులలో 43 శాతానికి పైగా ఇలాంటి వర్గాలవారేనని, ఆసియా సంతతివారిలో అది 16 శాతం లోపేనని తేలింది. ఇటువంటి కుటుంబాలు ఖరీదైన ప్రైవేటు స్కూళ్ల చుట్టూ ఎక్కువగా చేరుతాయి. తొంభై మంది ఉన్న తరగతి నుంచి పదహారు మంది ఐవీ లీగ్‌కు వెళ్లారని, వారిలో తొమ్మిది మందికి హుక్ ఉందని అనుకుందాం. అప్పుడు హుక్ లేని మీ అమ్మాయికి మిగిలేది ఏడు సీట్ల పోటీ, అదీ తనలాగే ఎంపికై వచ్చిన ఎనభై మందితో. ఎంఐటీ, కాల్‌టెక్, జాన్స్ హాప్‌కిన్స్ వంటివి పూర్వ విద్యార్థుల పిల్లలకు మొగ్గు చూపవు, కాలిఫోర్నియా రాష్ట్రం 2025 సెప్టెంబరు నుంచి రాష్ట్ర విద్యార్థి సాయం పొందే ప్రైవేటు కాలేజీలలోనూ దాన్ని నిషేధించింది. అయినా మిగతా చాలాచోట్ల పద్ధతి అలాగే ఉంది.

ఇంతమాత్రాన ప్రైవేటు స్కూలుకు తనదంటూ బలమే లేదనుకోవడమూ పొరపాటే. రాజ్ చెట్టీ, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఐవీ లీగ్‌లోని ఎనిమిదింటినీ, స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ, డ్యూక్, షికాగోలనూ కలిపి చేసిన అధ్యయనం 2023లో వెలువడింది. కాలేజీ ప్రవేశాల కోసం రాసే శాట్ పరీక్షలో ఒకే స్కోరు ఉన్న పిల్లలలో, ఆదాయంలో పైనున్న ఒక శాతం కుటుంబాల పిల్లలు మధ్యతరగతి పిల్లల కంటే రెట్టింపుకు పైగా ఈ కాలేజీలలో చేరుతున్నారని అందులో తేలింది. కారణాలుగా మూడింటిని చూపారు: పూర్వ విద్యార్థుల పిల్లలకున్న మొగ్గు, ఆటగాళ్ల ఎంపిక, చదువేతర విషయాలకు అడ్మిషన్ ఆఫీసు వేసే మార్కులు. ఆ మూడోదాని వెనక స్కూలు ఉంది. మతసంస్థలతో సంబంధం లేని ప్రైవేటు హైస్కూళ్ల పిల్లలకు, స్కోరులోనూ ఆదాయంలోనూ తమకు సాటివచ్చే సంపన్న ప్రాంతాల పబ్లిక్ స్కూళ్ల పిల్లలతో పోలిస్తే ప్రవేశావకాశం సుమారు రెట్టింపు ఉంది. వారి శాట్ మార్కులు ఎక్కువ కావు. వారి గురించి స్కూలు రాసిన మాటలు బరువైనవి.

కౌన్సెలర్ బల్ల మీద ఎన్ని ఫైళ్లు

కాలేజీకి వెళ్లే దరఖాస్తులో విద్యార్థి చేతిలో ఉన్నది ఒక సగమే. చాలా కాలేజీలకు ఉమ్మడిగా పనికొచ్చే దరఖాస్తు కామన్ యాప్‌లో 650 పదాల వ్యాసం ఒకటి, పది కార్యకలాపాల వివరణ, ఒక్కోదానికి 150 అక్షరాల చోటు. ఇది పిల్లలు నింపేది. మిగతా సగం స్కూలు పంపుతుంది: మార్కుల పత్రం, స్కూలు పరిచయ పత్రం, కౌన్సెలర్ లేఖ, ఇద్దరు ఉపాధ్యాయుల సిఫారసు లేఖలు, పన్నెండో తరగతి మధ్యలో మరో నివేదిక. ఒకే పరీక్ష, ఒకే ర్యాంకు, ఒకే కౌన్సెలింగ్ హాలు అన్న పద్ధతిలో పెరిగిన మనకు ఈ రెండో సగం ఉందన్న స్పృహే ఆలస్యంగా కలుగుతుంది.

అమెరికా స్కూల్ కౌన్సెలర్ల సంఘం ఒక్కో కౌన్సెలర్‌కు 250 మందికి మించి విద్యార్థులు ఉండకూడదని చెబుతుంది. దేశంలో సగటు ఇటీవలి లెక్కల్లోనూ 370 దాటే ఉంది. పైగా పబ్లిక్ స్కూలులో ఆ ఒక్క మనిషే కోర్సుల మార్పులు చూడాలి, ఏడుస్తూ వచ్చిన పిల్లలను ఓదార్చాలి, హాజరు తగ్గినవారి ఇళ్లకు ఫోన్ చేయాలి, ఆ మధ్యలో ముందస్తు దరఖాస్తుల నవంబరు 1 గడువుకు డజన్ల కొద్దీ లేఖలు పూర్తిచేయాలి. ఖరీదైన ప్రైవేటు స్కూలులో కాలేజీ పని చూడడానికే ప్రత్యేకంగా మనుషులుంటారు, ఒక్కొక్కరి కింద ముప్పై నుంచి యాభై మంది సీనియర్లు, అంటే పన్నెండో తరగతివారు, ఉంటారు. వారిలో కొందరు అంతకుముందు ఏదో ఒక కాలేజీ అడ్మిషన్ ఆఫీసులో దరఖాస్తులు చదివినవారే. పదకొండో తరగతి చలికాలం నుంచే ఒక్కో కుటుంబంతో కూర్చుంటారు, వ్యాసం చిత్తుప్రతులు చదువుతారు, ఏ కాలేజీకి ముందస్తు దరఖాస్తు పెట్టాలో, ఎక్కడ ఆశ వదులుకోవాలో మొహం మీదే చెబుతారు.

పెద్ద పబ్లిక్ స్కూళ్లు ఈ లోటు పూడ్చుకోవడానికి పదకొండో తరగతి చివర్లో పిల్లలకూ తల్లిదండ్రులకూ ఒక ప్రశ్నపత్రం ఇస్తాయి, దాన్ని బ్రాగ్ షీట్ అంటారు. మీ బిడ్డను మూడు మాటల్లో వర్ణించండి అన్నది అందులో తరచు కనిపించే ప్రశ్న. నాకు తెలిసిన ఒక ఇంట్లో తండ్రి రాత్రి పదింటికి ఆ కాగితం ముందు కూర్చుని ‘కష్టపడే స్వభావం, వినయం, బాధ్యత’ అని నింపి కవరులో పెట్టేశారు. మూడూ నిజమే, కానీ ఆ రాత్రి ఆ స్కూలు పరిధిలో ఎన్ని ఇళ్లలో అవే మూడు మాటలు రాసి ఉంటారో! తల్లి మర్నాడు కవరు విప్పి, వాటిని కొట్టేసి, పక్కింటి ముసలాయనకు వినికిడి యంత్రాన్ని ఫోనుతో కలపడం చేతకాకపోతే అబ్బాయి మూడు సాయంత్రాలు ఆయనతో కూర్చుని, చేయవలసినవన్నీ పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించి వచ్చిన సంగతి రాశారు. రెండు వారాల తర్వాత కౌన్సెలర్ ఆ అబ్బాయిని పిలిపించి అడిగింది ఆ ఒక్క సంగతి గురించే. ప్రైవేటు స్కూలులో ఇలాంటి సంగతులు కౌన్సెలర్ తనంతట తాను తవ్వి తీస్తారు. పబ్లిక్ స్కూలులో మనమే తెచ్చి ఆ బల్ల మీద పెట్టాలి.

కాబట్టి పబ్లిక్ స్కూలును ఎంచుకునే కుటుంబం ఈ పని తన నెత్తిన వేసుకోవడానికి సిద్ధపడాలి. తొమ్మిదో తరగతి నుంచే పిల్లలు కౌన్సెలర్ గదికి అప్పుడప్పుడు వెళ్లి తామెవరో తెలియజేయాలి. సిఫారసు లేఖ కోసం ఉపాధ్యాయులను పదకొండో తరగతి వసంతంలోనే అడగాలి, ఎందుకంటే పెద్ద స్కూళ్లలో అందరూ కోరుకునే ఉపాధ్యాయులు ఇన్ని లేఖలకు మించి రాయనని హద్దు పెట్టుకుంటారు. వేసవిలో కౌన్సెలర్లు అందుబాటులో ఉండరని గుర్తుంచుకోవాలి. గంటల లెక్కన డబ్బు తీసుకునే బయటి సలహాదారులు వ్యాసాలకు ఉపయోగపడవచ్చు కానీ, స్కూలు తరఫున లేఖ రాసే అధికారం వారికి లేదు. ఆ తేడాను వారు తమంతట తాము చెప్పడం నేను వినలేదు.

నలుగురిలో చొరవగా నోరు విప్పే పిల్లలకు ఇదంతా పెద్ద కష్టం కాదు. మూడు వేల మంది ఉన్న స్కూలులోనూ వారు ఉపాధ్యాయుల కంట పడతారు. ప్రశ్న ఉన్నా చెయ్యెత్తని, పని బాగా చేసి వెనక బెంచీలో కూర్చునే పిల్లల సంగతే వేరు. అటువంటివారిని ముప్పై అయిదు మంది తరగతిలో ఎవరూ గమనించకపోవచ్చు. పద్నాలుగు మంది బల్ల చుట్టూ కూర్చునే తరగతిలో వారు దాక్కోలేరు. ఎక్సెటర్ అనే పేరున్న ప్రైవేటు వసతి పాఠశాలలో 1930 నుంచి నడుస్తున్న హార్క్‌నెస్ బల్ల పద్ధతి ఉద్దేశమే అది, ఇప్పుడు చాలా ప్రైవేటు స్కూళ్లు దాన్ని ఏదో ఒక రూపంలో అనుసరిస్తున్నాయి. ప్రైవేటు ఫీజుకు నిజంగా ఫలితం దక్కేది ఎవరికి అని అడిగితే, నా మొదటి జవాబు ఈ నెమ్మదైన పిల్లలే.

ఆ లేఖకు విలువ లేని చోట

ఇప్పుడు రెండో ప్రశ్న. మీ లక్ష్యం కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమైతే, ప్రైవేటు స్కూలు అమ్మే సరుకును అది దాదాపుగా కొనదు. దాని బర్క్‌లీ క్యాంపస్ కొందరిని అడగడం మినహాయిస్తే మామూలుగా సిఫారసు లేఖలు తీసుకోదు, పూర్వ విద్యార్థుల పిల్లలకు మొగ్గు చూపదు, శాట్ స్కోరును 2021 నుంచి చూడనే చూడదు. చూసేవి ప్రధానంగా మార్కులు, తీసుకున్న కోర్సుల బరువు, 350 పదాల చొప్పున నాలుగు చిన్న వ్యాసాలు, కార్యకలాపాలు. పైగా దీని స్థానిక ప్రవేశ పథకంలో పాల్గొనే ఒక్కో కాలిఫోర్నియా హైస్కూలులోనూ పై 9 శాతంలో నిలిచిన పిల్లలకు ఏదో ఒక క్యాంపస్‌లో చోటు ఉంటుందని హామీ ఇస్తుంది. అది బర్క్‌లీలోనో లాస్ ఏంజెలెస్‌లోనో సీటుకు హామీ కాదు. అరవై మంది తరగతిలో ఆ 9 శాతం అంటే అయిదుగురు. అక్కడి పబ్లిక్ స్కూలు వదిలి ప్రైవేటుకు మారడానికి ఈ విశ్వవిద్యాలయం ఒక్కటే కారణమైతే, మారకపోవడమే మేలు.

టెక్సస్‌లో లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. 1997 నాటి చట్టం ప్రకారం హైస్కూలు తరగతిలో పై 10 శాతంలో ఉన్నవారికి రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో నేరుగా ప్రవేశం దొరుకుతుంది. ఆస్టిన్ క్యాంపస్‌కు మాత్రం హద్దు అంతకన్నా తక్కువ. చాలాకాలం 6 శాతంగా ఉండి, 2026 శరదృతువు ప్రవేశాల నుంచి 5 శాతమైంది. అదీ విశ్వవిద్యాలయంలో ప్రవేశానికే, కంప్యూటర్ సైన్స్ వంటి విభాగానికి వేరే వడపోత ఉంటుంది. చాలా ప్రైవేటు స్కూళ్లు పిల్లలకు ర్యాంకులే ఇవ్వవు, కాబట్టి ఈ దారి అక్కడ అంత తేలికగా తెరుచుకోదు. అలాగని ప్లేనో, ఫ్రిస్కో, కోపెల్ వంటిచోట్ల పబ్లిక్ స్కూలులో చేరడం సులువైన దారి అనుకోకూడదు. ఏడు వందల మంది తరగతిలో 5 శాతమంటే ముప్పై అయిదు మంది, ఆ ముప్పై అయిదు స్థానాల కోసం పోటీపడేది మన పక్కిళ్ల పిల్లలే. అన్నిటా ‘ఏ’ గ్రేడు తెచ్చుకున్న అమ్మాయి పదిహేనో శాతం దగ్గర ఆగిపోయిన ఇళ్లు నాకు తెలుసు. మనవాళ్లు ఎక్కువగా ఉండే కూపర్టినో, ఎడిసన్, జాన్స్ క్రీక్, నేపర్‌విల్ స్కూళ్లలోనూ గుంపు ఇంతే చిక్కన. మంచి స్కూలు హద్దులో ఇల్లు కొనడానికి అదనంగా పోసిన లక్షల వల్ల పోటీ కూడా కొనుక్కున్నట్లే అవుతుందన్నది అమ్మకం కాగితాల మీద సంతకం పెట్టేటప్పుడు ఎవరికీ తట్టదు.

ప్రైవేటు కాలేజీలు కూడా ఒక స్కూలు నుంచి వచ్చిన దరఖాస్తులను పక్కపక్కన పెట్టుకునే చదువుతాయి. ఒక్కో ప్రాంతానికి ఒక అధికారి ఉంటారు, ఆ స్కూలులో ఏ కోర్సులున్నాయి, సగటు మార్కులెంత అన్నది స్కూలు పరిచయ పత్రంలో చూసి, ఆ వాతావరణంలో ఈ పిల్లలు ఏం చేశారన్నది బేరీజు వేస్తారు. నిలిచిపోయిన శాట్ నియమం మళ్లీ వచ్చింది: ఎంఐటీ 2022లో, డార్ట్‌మత్, బ్రౌన్, హార్వర్డ్, కాల్‌టెక్ 2024లో పరీక్ష స్కోరు మళ్లీ తప్పనిసరి చేశాయి. అంతగా పేరులేని పబ్లిక్ స్కూలు నుంచి వచ్చే గట్టి విద్యార్థికి ఇది మేలే చేస్తుందని నా అంచనా, ఎందుకంటే స్కూలు పేరు చెప్పలేనిది ఆ స్కోరు చెబుతుంది.

పరీక్ష రాసి చేరే పబ్లిక్ స్కూళ్లు

ఈ రెండిటి మధ్య మూడో దారి ఒకటుంది. న్యూయార్క్‌లో స్టైవెసెంట్, బ్రాంక్స్ సైన్స్, వర్జీనియాలో థామస్ జెఫర్సన్, న్యూజెర్సీలో బెర్గెన్ కౌంటీ అకాడమీస్, ఇల్లినాయిస్, నార్త్ కరోలినా రాష్ట్రాలు నడిపే సైన్స్ గణిత వసతి పాఠశాలలు ఈ కోవలోవి. ఫీజు ఉండదు కానీ ప్రవేశానికి వడపోత ఉంటుంది, ఆ ప్రాంతంలోనో రాష్ట్రంలోనో నివాసం ఉండాలి. నియమాలు మారుతూ ఉంటాయి: థామస్ జెఫర్సన్ 2020లో ప్రవేశ పరీక్ష ఎత్తేసి, ఒక్కో మిడిల్ స్కూలుకు 1.5 శాతం చొప్పున చోటు కేటాయించింది, దాని మీద వచ్చిన దావాను 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు విచారణకు తీసుకోలేదు. కోచింగ్‌తో ఇక్కడికి చేర్చితే కాలేజీ సీటు చేతికొచ్చినట్టే అనే నమ్మకం మనవాళ్లలో బలంగా ఉంది. బోస్టన్, న్యూయార్క్ స్కూళ్ల మీద 2014లో వెలువడిన అధ్యయనాలు, కటాఫ్‌కు కొద్దిగా పైనుండి చేరినవారినీ కొద్దిలో తప్పిపోయి వేరే స్కూలుకు వెళ్లినవారినీ పోల్చి చూస్తే, తర్వాతి పరీక్ష మార్కులలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. గణితమంటే నిజంగా పడిచచ్చే పిల్లలకు తోటివారు దొరుకుతారు, అది చిన్న విషయం కాదు. సీటు కోసమే అయితే ఆ నాలుగేళ్ల ఒత్తిడికి తగిన ఫలం ఉందని నేను అనుకోను.

కోర్సులు, ఆటలు, సమయం

కోర్సుల విషయంలో పెద్ద పబ్లిక్ స్కూలుదే తరచు పైచేయి. ఇరవైకి పైగా ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే కాలేజీ స్థాయి) కోర్సులు, రోబోటిక్స్ జట్టు, పక్కనున్న కమ్యూనిటీ కాలేజీలో క్రెడిట్లు తెచ్చుకునే వీలు అక్కడ ఉంటాయి. ప్రైవేటు స్కూలులో ఏపీ తక్కువగా కనబడితే కంగారు పడనక్కర్లేదు. సిడ్‌వెల్ ఫ్రెండ్స్‌తో సహా వాషింగ్టన్ ప్రాంతంలోని ఎనిమిది ప్రైవేటు స్కూళ్లు ఏపీ కోర్సులను వదిలేస్తామని 2018లో కలిసి ప్రకటించాయి. స్కూలు ఇవ్వని కోర్సు తీసుకోలేదని కాలేజీ తప్పు పట్టదు. ప్రైవేటు స్కూలు నిజంగా ముందుండేది రాతలో: వారానికో వ్యాసం రాయించి, ఎర్ర సిరాతో దిద్ది, మళ్లీ రాయిస్తారు, నూట యాభై మంది పిల్లలున్న పబ్లిక్ ఉపాధ్యాయురాలు అంత చేయలేరు. మొత్తం చదువు ఫలితాల మాటకొస్తే, వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు వెయ్యిమందికి పైగా పిల్లలను పదిహేనేళ్ల వయసు దాకా అనుసరించి 2018లో వెల్లడించినదేమంటే, కుటుంబ ఆదాయాన్ని లెక్కలోకి తీసుకున్నాక ప్రైవేటు బడి ఆధిక్యం కరిగిపోయిందని.

ఆటల సంగతి చిన్నదిగా కనిపించినా కాదు. మూడు వేల మంది స్కూలులో టెన్నిస్ జట్టులో చోటు దొరకాలంటే రాష్ట్ర స్థాయి ఆట ఉండాలి. నాలుగు వందల మంది ప్రైవేటు స్కూలులో ఆసక్తి ఉంటే చాలు. నాటకం, పత్రిక, డిబేట్ నాయకత్వం కూడా అంతే. అయితే రానూపోనూ రోజుకు గంటన్నర కారులో గడిపే పిల్లలకు ఆ సమయం ఎక్కడి నుంచి వస్తుందో కూడా లెక్క వేసుకోవాలి.

డబ్బు, వీసా

పెద్ద నగరాల్లో మతసంబంధం లేని ప్రైవేటు డే స్కూలు ఫీజు యాభై వేల డాలర్లు దాటడం మామూలైపోయింది. నాలుగేళ్లకు రెండు లక్షలు, ఏటా పెరుగుదల అదనం, విరాళం ఇవ్వమని వచ్చే ఉత్తరాలు వేరే. క్యాథలిక్ హైస్కూళ్లు అంతకన్నా చాలా చవక, చాలాచోట్ల పది నుంచి పాతిక వేల మధ్య ఉంటాయి. చదువు ఖర్చుల కోసం పన్ను రాయితీతో దాచుకునే 529 ఖాతా నుంచి స్కూలు ఫీజుకు ఏటా 10,000 డాలర్ల వరకు వాడుకునే వీలుండేది, 2026 నుంచి ఆ పరిమితి 20,000 అయింది. కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలు తమ పన్ను లెక్కలో దీన్ని ఒప్పుకోవు. ఆండోవర్ అనే వసతి పాఠశాల 2007 నుంచీ, ఆ తర్వాత ఎక్సెటర్ కూడా కుటుంబ స్తోమత చూడకుండా పిల్లలను చేర్చుకుని అవసరమైన సాయం ఇస్తున్నాయి, కాబట్టి ఆదాయం తక్కువని దరఖాస్తే పెట్టకుండా ఆగిపోకూడదు. కానీ భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే ఇంటికి ఇక్కడా సాయం రాదు, ఆ తర్వాత కాలేజీలోనూ రాదు. హార్వర్డ్ 2025–26 నుంచి రెండు లక్షల డాలర్ల లోపు ఆదాయమున్న కుటుంబాలకు ట్యూషన్ ఫీజు ఎత్తేసింది. ఆ గీతకు పైనున్నవారు హైస్కూలుకు పెట్టే రెండు లక్షలు, కాలేజీ నాలుగేళ్లకు కట్టబోయే డబ్బులోంచి తీసి పెడుతున్నవే.

మరో విషయం మనవాళ్లకే ప్రత్యేకం. గ్రీన్ కార్డు వరుసలో ఉండి పిల్లలు హెచ్-4 (తల్లిదండ్రుల ఉద్యోగ వీసాకు అనుబంధంగా వచ్చే వీసా) మీదే హైస్కూలు ముగిస్తే, చాలా ప్రైవేటు కాలేజీలు వారిని విదేశీ దరఖాస్తుదారులుగానే చూస్తాయి. ఆర్థిక సాయం అడిగితే ప్రవేశావకాశం తగ్గే కాలేజీలు అలాంటివారికి ఎక్కువ. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, డార్ట్‌మత్, ఆమ్హెర్స్ట్ వంటి కొన్ని మాత్రమే విదేశీయుల విషయంలోనూ స్తోమత చూడవు. ఇటువంటి స్థితిలో ఉన్న కుటుంబం చేతిలోని డబ్బును హైస్కూలు మీద ఖర్చుపెట్టకుండా కాలేజీకి దాచుకోవడమే తెలివైన పని.

చూడబోయినప్పుడు ఏం అడగాలి

ఓపెన్ హౌస్‌లో అందరూ అడిగేది ఏ కాలేజీలకు ఎంతమంది వెళ్లారని. దాని బదులు, పూర్వ విద్యార్థుల పిల్లలు, ఎంపికైన ఆటగాళ్లు కానివారిలో పై పావు భాగం పిల్లలు ఎక్కడికి వెళ్లారని అడగండి. నిజాయితీ గల స్కూలు అంకెలు ఇవ్వకపోయినా ప్రశ్నను తప్పించుకోదు. కాలేజీ కౌన్సెలర్‌కు ఒక్కొక్కరికి ఎంతమంది సీనియర్లు, వారు ఎన్నేళ్లుగా అక్కడ ఉన్నారు, స్కూలు పరిచయ పత్రం ఒక ప్రతి చూపిస్తారా అని అడగండి. ఆ పత్రంలో మార్కుల పంపిణీ చూడండి. ‘ఏ’ గ్రేడు అరుదుగా ఇచ్చే స్కూలైతే, అది కాలేజీలకు తెలిసిన సంగతేనా అన్నది ముఖ్యం. పబ్లిక్ స్కూలుకు వెళ్లినా ఇవే ప్రశ్నలు, అదనంగా కాలేజీ దరఖాస్తుల కోసం స్కూళ్లు వాడే నావియెన్స్ లేదా స్కోయిర్ వెబ్‌సైట్ ఖాతాలో గత ఏళ్ల విద్యార్థుల మార్కులూ ఫలితాలూ చుక్కలుగా కనిపించే పటాన్ని ఎప్పటి నుంచి చూడనిస్తారో కనుక్కోండి. ఆ చుక్కలలో మీ బిడ్డ స్థానం దగ్గర ఎన్ని పచ్చవి, ఎన్ని ఎర్రవి అన్నది ఏ బ్రోచర్ కన్నా స్పష్టంగా మాట్లాడుతుంది.

ఇవన్నీ విన్నాక నా సలహా ఇలా ఉంటుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయమే లక్ష్యమైతే పబ్లిక్ స్కూలు, అందులోనూ పోటీ కాస్త పలచగా ఉన్నది. చొరవ గల పిల్లలకు, ఐవీ లీగ్ ఆశ ఉన్నా, ఏపీలు బాగా ఉన్న పబ్లిక్ స్కూలు సరిపోతుంది. మిగిలిన డబ్బులో కొంత వేసవి పరిశోధనకో ప్రయాణానికో వాడవచ్చు. చదవడం రాయడం ఇష్టపడుతూ గుంపులో కనబడకుండా పోయే పిల్లలకు, రెండు లక్షలు పోయినా ఇంటి పునాది కదలదన్న ధైర్యం ఉంటే, చిన్న ప్రైవేటు స్కూలు. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఇద్దరికీ ఒకే స్కూలు కావాలన్న పట్టుదల అక్కర్లేదు. మార్చాలనుకుంటే తొమ్మిదో తరగతిలోనే మార్చాలి; పదకొండులో మారిస్తే లేఖ రాయబోయే కౌన్సెలర్‌కు పిల్లలు తెలిసేలోపే గడువు వచ్చేస్తుంది.

తొమ్మిదో తరగతికి మార్చాలంటే ఎనిమిదో తరగతి శరదృతువులోనే ఎస్‌ఎస్‌ఏటీ లేదా ఐఎస్‌ఈఈ అనే ప్రైవేటు స్కూలు ప్రవేశ పరీక్ష రాయించాలి, చాలా స్కూళ్ల గడువు జనవరిలోనే ముగుస్తుంది, ఫలితాలు మార్చి రెండో వారం ప్రాంతంలో వస్తాయి. సీటు వచ్చిన ఆనందంలో చేర్పు ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు, అందులో రద్దుకు చివరి తేదీ ఎక్కడ రాసి ఉందో వెతకండి. ఆ తేదీ దాటాక మనసు మార్చుకుని పబ్లిక్ స్కూలుకే పంపినా, ఏడాది ఫీజు మొత్తం కట్టవలసిందేనన్న షరతు చాలా ఒప్పందాలలో ఉంటుంది.